సిర్రోసిస్ ముదిరిన మనిషికి పగలు మగత, రాత్రి నిద్ర లేదు: నిద్రమాత్ర ఇవ్వవచ్చా? ఇంకా ఏమేం వస్తాయి?

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇది. నాన్నగారికి 58 ఏళ్లు. రెండేళ్ల క్రితం సిర్రోసిస్ (లివర్ గట్టిపడిపోయే జబ్బు) అని తేలింది. ఆరు నెలలుగా పొట్టలో నీరు చేరుతోంది, రెండుసార్లు సూదితో తీశారు. పది రోజుల క్రితం మూత్రం మాత్రల డోసు పెంచారు. నాలుగు రోజులుగా రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, పగలంతా మగతగా ఉంటున్నారు, అడిగిన దానికి ఆలస్యంగా జవాబిస్తున్నారు. నిద్రమాత్ర ఇవ్వవచ్చా, పప్పులూ గుడ్లూ మానేయాలని బంధువులు చెబుతున్నది నిజమా, ఇది ఆఖరి దశేనా, ఇంకా ఏమేం వస్తాయి అని మీరు అడిగారు.

నిద్రమాత్ర ఇవ్వకండి. ఈ రోజే ఆయన్ను చూసే డాక్టరు దగ్గరకు, కుదరకపోతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. పప్పులూ గుడ్లూ మానేయాల్సిన పని లేదు, మానితే నష్టం. ఆఖరి దశ అని ఇప్పుడే అనుకోవద్దు. జబ్బు ముదిరిన మాట నిజమే, కానీ ఈ మగత చాలామందిలో తగ్గుతుంది. అది ఎందుకు వచ్చిందో వెతికి పట్టుకోవాలి.

ఇరవై ఏళ్లకు పైగా లివర్ రోగులను చూస్తున్నాను. పొట్టలో నీరు, మగత, రక్తపు వాంతి, కిడ్నీ దెబ్బతినడం వేరువేరు జబ్బుల్లా కనిపిస్తాయి. దాదాపు అన్నింటికీ వేరు ఒక్కటే. పేగుల నుంచి రక్తాన్ని లివర్‌కు తెచ్చే పెద్ద సిరను పోర్టల్ సిర అంటారు. లివర్ గట్టిపడి గడ్డలు కట్టాక ఆ రక్తం లోపలికి సులువుగా వెళ్లలేదు, సిరలో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి వల్ల నీరు పొట్టలోకి ఊరుతుంది. అన్నవాహిక గోడల్లో సిరలు ఉబ్బుతాయి. కొంత రక్తం లివర్‌ను తప్పించుకుని పక్కదారిన నేరుగా ఒంట్లోకి పోతుంది, దాంతో లివర్ వడకట్టాల్సిన విషాలు మెదడుదాకా చేరతాయి. ఇంకో సంగతి గుర్తుంచుకోండి: లివర్ రోగి ఉన్నట్టుండి దిగజారితే వెనకాల ఏదో ఒక ప్రేరణ ఉంటుంది. ఇన్ఫెక్షన్, మలబద్ధకం, లోపల రక్తస్రావం, ఒక మాత్ర ఎక్కువవడం, ఒక మాత్ర ఆగిపోవడం. చికిత్సలో సగం ఆ ప్రేరణను వెతకడమే.

మీ నాన్నగారి మగత సంగతి. దీన్ని హెపాటిక్ ఎన్‌సెఫలోపతి అంటారు. పేగుల్లోని బ్యాక్టీరియా, పేగు గోడ కలిసి అమ్మోనియా తయారుచేస్తాయి. మామూలుగా లివర్ దాన్ని యూరియాగా మార్చేస్తుంది. ఆ పని కుంటుపడినప్పుడు అమ్మోనియా మెదడుకు చేరుతుంది. దీని మొదటి గుర్తు చాలాసార్లు నిద్ర తలకిందులవడమే. పగలు నిద్ర, రాత్రి మెలకువ. తర్వాత చేతిరాత మారుతుంది, బొత్తాలు పెట్టుకోవడం తడబడుతుంది, చేతులు ముందుకు చాచి మణికట్లు పైకెత్తమంటే అరచేతులు రెక్కల్లా కొట్టుకుంటాయి. ఇంకా ముదిరితే ఈ రోజు ఏ వారమో చెప్పలేరు, చివరకు స్పృహ తప్పుతుంది. ఈ స్థితిలో నిద్రమాత్ర పడితే మగతలో ఉన్న మనిషి కోమాలోకి జారవచ్చు. అందుకే మీ మొదటి ప్రశ్నకు అంత గట్టిగా వద్దన్నాను.

నా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన కేసు చెబుతాను. ఆయన కూతురు ఒకరోజు ఫోన్ చేసి, "డాక్టరుగారూ, నాన్న సంతకం తేడాగా ఉంది, చెక్కు వెనక్కి వచ్చింది" అంది. మనిషి బాగానే నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. వెంటనే రమ్మన్నాను. అడిగితే తేలింది, వారం క్రితం ప్రయాణం ఉందని లాక్టులోజ్ సిరప్ ఆపేశాడట. మూడు రోజులుగా విరేచనం లేదు. సిరప్ మళ్లీ మొదలుపెట్టాక రెండు రోజుల్లో సంతకం మామూలైంది. ఆ అమ్మాయి గమనించకపోతే ఇంకో రెండు మూడు రోజుల్లో స్ట్రెచర్ మీద వచ్చేవాడు.

లాక్టులోజ్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని సరిగ్గా వాడేవాళ్లు తక్కువ. దాన్ని విరేచనం మందు అనుకుని, విరేచనం అవుతోంది కదా అని ఆపేస్తారు. అది పేగులో ఆమ్లగుణం పెంచి అమ్మోనియాను అక్కడే కట్టిపడేసి, విరేచనంతో బయటకు పంపుతుంది. సాధారణంగా 15 నుంచి 30 మిల్లీలీటర్లు రోజుకు రెండు మూడుసార్లతో మొదలుపెడతాం. అసలు కొలత సీసా మీద ఉండదు. రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు అవ్వాలి, అదే లెక్క. ఒక్కటే అయితే డోసు చాలదు. ఆరేడు నీళ్ల విరేచనాలు అయితే ఎక్కువైంది, ఒంట్లో నీరూ పొటాషియం పోయి మగత ఇంకా పెరుగుతుంది. మా రోగుల ఇళ్లలో గోడ క్యాలెండరు మీద రోజూ విరేచనాల లెక్క రాయమంటాను. సిరప్ వాడుతున్నా మగత మళ్లీ వస్తే రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ 550 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు కలుపుతాం.

మీ నాన్నగారి విషయంలో నా అనుమానాలు రెండు. ఒకటి, పది రోజుల క్రితం పెంచిన మూత్రం మాత్రలు. డోసు ఎక్కువైతే సోడియం పడిపోతుంది, పొటాషియం మాత్రను బట్టి తగ్గనూ వచ్చు, పెరగనూ వచ్చు, కిడ్నీ మీద భారం పడుతుంది, మగత వస్తుంది. ఇవాళే సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే అంకె) పరీక్ష చేయించాలి. ఇంత మగతగా ఉన్నప్పుడు ఆ మాత్రలు తాత్కాలికంగా ఆపమని డాక్టరు చెప్పే అవకాశం చాలా ఉంది, ఫోన్ చేసి అడిగి ఆ ప్రకారం చేయండి. రెండో అనుమానం ఇంకా ముఖ్యమైనది: పొట్టలోని నీటికి ఇన్ఫెక్షన్.

ఈ ఇన్ఫెక్షన్ సంగతి చాలా కుటుంబాలకు తెలియదు. జ్వరం లేదు, పొట్ట నొప్పి లేదు, కాబట్టి ఇన్ఫెక్షన్ లేదనుకుంటారు. ఒక ఆవిడ కొంచెం నలతగా, మాట తడబడుతూ వచ్చింది, జ్వరం లేదు, పొట్ట నొక్కితే నొప్పి లేదు. నీరు తీసి పరీక్షకు పంపితే ఘన మిల్లీమీటరుకు 900 న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) ఉన్నాయి. 250 లేదా అంతకు మించితే ఇన్ఫెక్షన్ కిందే లెక్క, కల్చర్ రిపోర్టు కోసం ఎదురుచూడకుండా యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. సాధారణంగా సెఫోటాక్సిమ్ లాంటిది సిర ద్వారా ఇస్తాం. ఆసుపత్రిలో ఉండగా సోకిందైతే ఇంకా బలమైనవి కావాల్సి రావచ్చు. దానితోపాటు ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) కూడా సిర ద్వారా ఇవ్వాలి: మొదటి రోజు కిలో బరువుకు 1.5 గ్రాములు, మూడో రోజు కిలోకు 1 గ్రాము. 1999లో వచ్చిన ఒక స్పెయిన్ పరిశోధనలో యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చినవాళ్లలో ఆసుపత్రిలోనే 29 శాతం మంది చనిపోతే, ఆల్బుమిన్ కలిపిన వాళ్లలో అది 10 శాతం. అందుకే పొట్టలో నీరు ఉన్న మనిషి ఏ కారణంతో ఆసుపత్రిలో చేరినా ఆ నీటిని కొంచెం తీసి పరీక్షించాలి. మీరు వెళ్లినప్పుడు ఈ మాట అడగడానికి మొహమాటపడకండి. ఒకసారి ఈ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు మళ్లీ రాకుండా రోజూ నార్‌ఫ్లాక్సాసిన్ లాంటి మాత్ర ఇస్తాం.

పొట్టలో నీటికి రోజువారీ చికిత్స ఉప్పుతో మొదలవుతుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే వంటలో వేసేదంతా కలిపి సుమారు ఒక టీస్పూను. నిల్వ పదార్థాల్లో, ప్యాకెట్ తిండిలో దాగి ఉండే ఉప్పే ఎక్కువ మోసం చేస్తుంది. ఉప్పుకు బదులు అని అమ్మే పొడులు కొన్నింట్లో పొటాషియం ఉంటుంది. స్పైరోనోలాక్టోన్ అనే మూత్రం మాత్ర వాడేవాళ్లు అవి తింటే పొటాషియం ప్రమాదకరంగా పెరిగి గుండె లయ తప్పవచ్చు, కాబట్టి వాటి జోలికి పోవద్దు. మంచినీళ్లు తగ్గించమని అందరికీ చెప్పం. రక్తంలో సోడియం 125 కంటే తగ్గినప్పుడే ఆ అవసరం వస్తుంది. ఉప్పు ఎక్కువ తింటూ నీళ్లు మానేసి గొంతెండి బాధపడేవాళ్లను చూస్తే నాకు చాలా కష్టంగా ఉంటుంది, ఆ బాధ వల్ల ఏ లాభమూ లేదు.

మాత్రల్లో స్పైరోనోలాక్టోన్ ముఖ్యం, దానికి ఫ్యూరోసెమైడ్ తోడు. 100 మిల్లీగ్రాములకు 40 అనే నిష్పత్తిలో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి 400, 160 వరకు వెళ్లవచ్చు. మగవాళ్లలో స్పైరోనోలాక్టోన్ వల్ల ఛాతీ దగ్గర నొప్పిగా, ఉబ్బుగా ఉంటుంది. సిగ్గుపడి చెప్పకుండా మాత్ర మానేస్తారు. చెబితే వేరే మాత్ర ఇస్తాం. రోజూ పొద్దున్నే బరువు చూడండి. కాళ్ల వాపు లేనివాళ్లకు రోజుకు అర కిలో, వాపు ఉన్నవాళ్లకు కిలో వరకు తగ్గితే సరిపోతుంది. అంతకంటే వేగంగా తగ్గుతుంటే సంతోషించకండి, అది కిడ్నీకి దెబ్బ.

మాత్రలకు లొంగకపోతే సూదితో నీరు తీయడమే దారి. నీరు తీస్తే ఒంట్లో బలం పోతుందని భయపడి వాయిదా వేస్తారు. ఒకేసారి 5 లీటర్లకు మించి తీసినప్పుడు ప్రతి లీటరుకు 6 నుంచి 8 గ్రాముల ఆల్బుమిన్ ఇస్తే ఇబ్బంది ఉండదు. అంటే 6 లీటర్లు తీస్తే 20 శాతం ఆల్బుమిన్ 100 మిల్లీలీటర్ల సీసాలు రెండో మూడో. ఆల్బుమిన్ ఇవ్వకుండా ఎనిమిది తొమ్మిది లీటర్లు లాగేస్తే మాత్రం రెండు మూడు రోజుల్లో కిడ్నీ చతికిలబడడం నేను చూశాను. పదే పదే తీయాల్సి వస్తుంటే, లివర్ లోపల పోర్టల్ సిరకూ, లివర్ నుంచి గుండె వైపు రక్తం తీసుకెళ్లే సిరకూ మధ్య స్టెంట్ వేసే పద్ధతి ఉంది, దాన్ని టిప్స్ అంటారు. నీరు బాగా తగ్గుతుంది, కానీ రక్తం లివర్‌ను ఇంకా ఎక్కువగా తప్పించుకుంటుంది కాబట్టి మగత పెరగవచ్చు. మగత మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు, కామెర్లు బాగా ఎక్కువున్నవాళ్లకు సాధారణంగా వేయం.

కిడ్నీ. ఇక్కడే ఎక్కువమందిని పోగొట్టుకుంటాం. లివర్ బాగా దెబ్బతిన్నాక కిడ్నీలకు రక్తం అందడం తగ్గిపోతుంది. కిడ్నీలో జబ్బు లేకపోయినా అవి పనిచేయడం మానేస్తాయి. ఒక రోగి మోకాలి నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని ఐదు రోజులు వేసుకున్నాడు. ముందు 0.9 ఉన్న క్రియాటినిన్ 3.4కి వెళ్లింది. రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి బయటపడ్డాడు, అందరూ అలా బయటపడరు. అసలు విచారించాల్సిన సంగతి, పారాసిటమాల్ లివర్‌కు చేటని ఎవరో చెబితే దానికి బదులుగా ఇది వేసుకున్నాడు. సిర్రోసిస్ ఉన్నవాళ్లకు నొప్పికి పారాసిటమాలే మేలు, రోజుకు 2 గ్రాములు దాటకుండా, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ఒక్కటి కూడా వద్దు. బీపీకి వాడే కొన్ని మాత్రలు, ముఖ్యంగా పేరు చివర 'ప్రిల్' అనో 'సార్టాన్' అనో ఉన్నవి, పొట్టలో నీరు వచ్చాక మానాల్సి ఉంటుంది. నాన్నగారు బీపీ మాత్ర వాడుతుంటే అడగండి. క్రియాటినిన్ రెండు రోజుల్లో 0.3 పెరిగినా మేం జాగ్రత్త పడతాం. మూత్రం మాత్రలు ఆపి, ఇన్ఫెక్షన్ వెతికి, ఆల్బుమిన్ ఇచ్చి, అప్పటికీ తగ్గకపోతే కిడ్నీకి రక్తం అందేలా చేసే టెర్లిప్రెస్సిన్ అనే మందు మొదలుపెడతాం. ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లకు ఆ మందు ప్రమాదం, అందుకే ఆక్సిజన్ చూసుకుంటూ ఇవ్వాలి.

ఇక రక్తస్రావం. అన్నవాహికలో ఉబ్బిన సిరలు పగిలితే రక్తపు వాంతి అవుతుంది, లేదా విరేచనం తారులా నల్లగా, జిగురుగా, ఒక రకమైన దుర్వాసనతో అవుతుంది. ఐరన్ మాత్రల వల్లేమో అని తెల్లారేదాకా ఆగిన కుటుంబాలు నాకు గుర్తున్నాయి. ఆగకండి. ఇది రాత్రి రెండు గంటలైనా బయల్దేరాల్సిన సంగతి. ఆసుపత్రిలో సిరల ఒత్తిడి తగ్గించే మందు ఎండోస్కోపీకి ముందే మొదలుపెట్టి, యాంటీబయాటిక్ ఇచ్చి, 12 గంటల్లోపు ఎండోస్కోపీ చేసి సిరలకు రబ్బరు బ్యాండ్లు వేస్తారు. యాంటీబయాటిక్ ఎందుకని చాలామంది అడుగుతారు. రక్తస్రావం అయిన లివర్ రోగికి ఇన్ఫెక్షన్ సులువుగా వస్తుంది, అది వస్తే రక్తస్రావం తిరగబెడుతుంది. రక్తం ఎక్కించడంలోనూ జాగ్రత్త ఉంది. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే ఎక్కించి, 7 నుంచి 8 మధ్య ఉంచుతాం. 10, 11 దాకా ఎక్కిస్తే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి మళ్లీ పగలవచ్చు. కాబట్టి డాక్టరు ఇంకో బ్యాగు వద్దన్నారంటే నిర్లక్ష్యం చేస్తున్నారని అనుకోవద్దు.

నాన్నగారికి ఇప్పటిదాకా రక్తస్రావం అయినట్టు మీరు రాయలేదు. ఎండోస్కోపీ చేశారా? చేసి ఉంటే కార్వెడిలాల్ లేదా ప్రొప్రనొలాల్ ఇచ్చారా? ఇవి పోర్టల్ సిరలో ఒత్తిడి తగ్గించి రక్తస్రావాన్ని అడ్డుకుంటాయి. పై బీపీ 90 కంటే తగ్గితే, కిడ్నీ దెబ్బతింటే తగ్గించాలి లేదా ఆపాలి. మీ అంతట మీరు ఒక్కసారిగా మాత్రం మానేయకూడదు.

తిండి గురించి బంధువులు చెప్పింది పాతకాలపు వైద్యం. ఒకప్పుడు మేమూ అలాగే చెప్పేవాళ్లం. కండలు కూడా అమ్మోనియాను తొలగిస్తాయని తెలిశాక ఆ సలహా మారిపోయింది. ప్రోటీన్ ఆపేస్తే కండ కరుగుతుంది, కండ కరిగితే మగత ఇంకా పెరుగుతుంది. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. పొట్టలోని నీటి బరువు తీసేసి లెక్కేయాలి. పప్పులు, పాలు, గుడ్లు అన్నీ ఇవ్వండి. నీరు నొక్కడం వల్ల ఒకేసారి ఎక్కువ తినలేరు, కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. పడుకునే ముందు తప్పకుండా ఏదో ఒకటి తినాలి. సిర్రోసిస్ ఉన్న ఒంటికి ఒక్క రాత్రి పస్తు మామూలు మనిషికి రెండు మూడు రోజుల పస్తుతో సమానం.

చిన్నగా కనిపించే సంగతులు కొన్ని. బొడ్డు దగ్గర హెర్నియా ఉబ్బి చర్మం పలుచబడినా, నీరు కారినా అదే రోజు చూపించాలి. ఆయాసం వస్తే నీరు ఊపిరితిత్తి చుట్టూ, ఎక్కువగా కుడివైపు చేరిందేమో చూడాలి. అలాంటప్పుడు ఛాతీలో గొట్టం పెట్టి వదిలేయడం మంచిది కాదు, సూదితో తీయడమే మేలు. పిక్కలు పట్టేయడం మందులతో తగ్గుతుంది, ఓర్చుకోమని వదిలేయకండి. లివర్ క్యాన్సర్ కోసం ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పనిసరి. రిపోర్టులో ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే అంకె) ఎక్కువగా ఉంటే రక్తం పలచబడిందని కంగారుపడతారు. లివర్ రోగుల్లో ఆ అంకె లివర్ బలహీనతను చెబుతుంది, రక్తం కారుతుందా లేదా అన్నది దాన్ని బట్టి తేలదు. ఇదే రోగులకు సిరల్లో గడ్డకట్టడమూ జరుగుతుంది.

ఇక ఆఖరి దశ అన్న మాట. పొట్టలో నీరు, మగత వచ్చాయంటే లివర్ చేతులెత్తేయడం మొదలైందని అర్థం, దాన్ని నేను దాచను. కానీ మూల కారణాన్ని ఆపగలిగితే వెనక్కి తిరిగినవాళ్లు ఉన్నారు. మద్యం వల్ల లివర్ పాడైన ఒకాయనకు నెలకు రెండుసార్లు నీరు తీసేవాళ్లం. పూర్తిగా మానేశాడు. పద్నాలుగు నెలలకు మూత్రం మాత్రలు కూడా అక్కర్లేకపోయాయి. మానిన అందరికీ ఇలా జరగదు, మానని వాళ్లకు అసలు జరగదు. హెపటైటిస్ బి అయితే టెనోఫోవిర్ లేదా ఎంటెకావిర్ వైరస్‌ను అణిచిపెడతాయి. హెపటైటిస్ సి ఇప్పుడు మాత్రలతో నయమయ్యే జబ్బు, అయితే లివర్ ఈ స్థితిలో ఉన్నప్పుడు ఏ మాత్రలు వాడాలో లివర్ నిపుణులే చెప్పాలి. నాన్నగారికి సిర్రోసిస్ దేనివల్ల వచ్చిందో మీరు రాయలేదు, అది తప్పకుండా తెలుసుకోండి.

లివర్ మార్పిడి గురించి ఇప్పుడే అడగండి. "ఇంకా అంత ముదరలేదు" అని ఆగి, మరీ బలహీనపడ్డాక వచ్చేవాళ్లే ఎక్కువ. లివర్ జబ్బు ఎంత ముదిరిందో చెప్పడానికి బిలిరుబిన్ (కామెర్ల అంకె), ఐఎన్ఆర్, క్రియాటినిన్, సోడియంతో కట్టే మెల్డ్ స్కోరు ఉంటుంది, 6 నుంచి 40 దాకా. 15 లేదా అంతకు మించితే మార్పిడి కేంద్రానికి పంపాలి. స్కోరు తక్కువున్నా నీరు, మగత వచ్చాయంటే కనీసం ఒకసారి చూపించుకోవడం మంచిది. వెళ్లినంత మాత్రాన ఆపరేషన్ చేసేయరు, మద్యం, గుండె, ఊపిరితిత్తులు, కండబలం, ఇంట్లో చూసుకునేవాళ్లు, అన్నీ చూసి చెబుతారు. మార్పిడి కుదరదని తేలితే బాధ తగ్గించే వైద్యం ఉంది, దాన్ని కూడా ఆఖరి వారం దాకా ఆపకుండా మొదటినుంచే చికిత్సతో కలిపి ఇవ్వవచ్చు.

ఈ రోజు వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ, ఆకుమందులు, పొడులు ఉంటే వాటితో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. మగతగా ఉన్నారు కాబట్టి ద్రవాలు కూడా పడుకోబెట్టి తాగించకండి, కూర్చోబెట్టి తాగించండి. వాహనం ఆయన్ను నడపనివ్వకండి. డాక్టరుతో మూడు మాటలు చెప్పండి: మగత ఎప్పుడు మొదలైందో, విరేచనం చివరగా ఎప్పుడు ఏ రంగులో అయిందో, మూత్రం మాత్రలు ఏ తారీఖున ఎంతకు పెంచారో. రిపోర్టులు వచ్చాక సోడియం, పొటాషియం, క్రియాటినిన్, పొట్ట నీటిలో న్యూట్రోఫిల్స్ అంకెలు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.